అడ్మిన్ గారు

వాట్సాప్‌లో పలువురు కలిసి మాట్లాడుకునేందుకు ఏర్పరచుకున్న వేదికను గ్రూపు అనీ, అందులో సభ్యులను చేర్చడానికీ తొలగించడానికీ హక్కు గల వ్యక్తిని అడ్మిన్ అనీ అంటారు. నిర్వచనం ఇంత చిన్నదే అయినా, తెలుగు కుటుంబాలలో ఈ పదవిని అలంకరించిన పెద్దమనిషి తనను గురించి తాను ఏర్పరచుకున్న అభిప్రాయం అందులో ఇమడదు. భూమి లెక్కలు రాసే కరణం, శిస్తు వసూలు చేసే మునసబు పదవులను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1984లో రద్దు చేసిన తరువాత, నలుగురి మీద పెత్తనం చేయాలన్న కోరిక చాలాకాలం నిలువ నీడ లేక తిరిగి తిరిగి, చివరకు చేతిఫోనులో తలదాచుకున్నదని చెప్పవచ్చు.

ఈ వర్గంవారు ఎక్కువగా ఉద్యోగ విరమణ చేసినవారు. ఫైలు మీద సంతకం పెట్టే అలవాటు వేళ్ళను ఇంకా వదలనివారు. ఒక గ్రూపులో 256 మందికి మించి చోటు లేని రోజులలో పెదనాన్న మనవల దగ్గర ఆగిపోయిన చుట్టరికం, 2022లో ఆ పరిమితి 512కూ, అదే ఏడాది 1024కూ పెరగడంతో వియ్యంకుడి వియ్యంకుడి దాకా విస్తరించింది. రాజకీయాలు, మతం, వ్యాపార ప్రకటనలు నిషిద్ధమన్న నియమావళిని అడ్మిన్ గారు ప్రతి నెలా మళ్ళీ పెడతారు. ఎన్నికల తేదీలు వెలువడిన పూటే దానిని స్వయంగా ఉల్లంఘిస్తారు. మేనల్లుడెవరైనా ఆ మాట ఎత్తితే, అది రాజకీయం కాదు, దేశభక్తి అని సెలవిస్తారు.

అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపగలిగేలా గ్రూపును కట్టడి చేసే సదుపాయం 2018లో వచ్చింది. పొలం గట్టు తగాదా ఒకటి గ్రూపులోకెక్కి, బాబాయిలిద్దరూ పాత దస్తావేజుల ఫోటోలు పెట్టుకునే స్థితి వచ్చినప్పుడు ఆయన ఈ అస్త్రాన్ని ప్రయోగించి, తరువాత నెలకొన్న నిశ్శబ్దాన్ని తన రాజనీతి ఫలితంగా భావిస్తారు. ఆ సభ్యులలో అధికభాగం గ్రూపును ఏనాడో మ్యూట్ చేశారని, అంటే సందేశం వచ్చినా ఫోను మోగకుండా నొక్కిపెట్టారని ఆయనకు తెలియదు. మ్యూట్ చేసినవారి జాబితాను అడ్మిన్‌కు చూపకపోవడం వాట్సాప్ సంస్థ చేసిన కొద్దిపాటి పుణ్యకార్యాలలో ఒకటి.

ఆయన నిజంగా ఉపయోగపడే ఘట్టం మరొకటి ఉన్నది. బంధువు మరణవార్త వచ్చిన ఉదయమే ఇంకొకరి పుట్టినరోజు కావడం, సందేశాలను కింది నుంచి చదివే అలవాటున్నవారు ‘ఓం శాంతి’ పుట్టినరోజు పిల్లవాడికీ, కేకు బొమ్మ పరమపదించినవారికీ పంపడం కుటుంబ గ్రూపులలో అరుదు కాదు. ఇతరుల సందేశాలను సైతం అందరి ఫోన్లలోనూ చెరిపివేసే అధికారం అడ్మిన్‌కు 2022లో లభించింది కనుక, ఇటువంటి వేళ ఆ కేకును తొలగించే భారం ఆయన మీదనే పడుతుంది. ఆయన దానిని ఎంతో గంభీరంగా నిర్వహిస్తారు.

సభ్యుడు పెట్టిన అభ్యంతరకరమైన సందేశానికి అడ్మిన్ బాధ్యుడు కాడని కేరళ హైకోర్టు 2022లో తీర్పు చెప్పింది. ఈ వార్త ఆయనకు ఊరట కలిగించవలసినదే. కానీ బాధ్యత లేదన్న మాట అధికారం లేదన్న మాటకు మరీ దగ్గరగా వినిపించడం వల్ల, దానిని తన గ్రూపులో పెట్టడానికి ఆయనకు మనస్కరించదు.

ఎవరైనా గ్రూపు విడిచిపోతే ఆ సంగతి పూర్వం అందరికీ కనిపించేది. 2022లో ఆ కబురు అడ్మిన్లకు మాత్రమే వెళ్ళేలా మార్చారు. సభ్యుల మొహమాటాన్ని దృష్టిలో పెట్టుకొని చేసిన ఈ సవరణ ఆచరణలో అడ్మిన్ గారి చేతికి ఒక రహస్య దస్త్రాన్ని అందించింది. కాబట్టి కుటుంబ గ్రూపు నుంచి నిష్క్రమించదలచినవారు, అయిదు నిమిషాలలో ‘ఏరా అబ్బాయ్, మేమేమన్నా అన్నామా?’ అంటూ ఫోను వస్తుందని గ్రహించి, పొరపాటున వేలు తగిలిందన్న జవాబును ముందే సిద్ధం చేసుకోవడం మంచిది.