అల్లుడు 9001:2015

ఈ వారం వార్త అందరూ చదివే ఉంటారు. హాస్టళ్లకు పప్పులు, నూనె సరఫరా చేసే టెండరులో ఐఎస్ఓ సర్టిఫికెట్ తప్పనిసరి అన్నారు. ఎవరిచ్చిన సర్టిఫికెట్టో మాత్రం రాయలేదు. ప్రీబిడ్ మీటింగులో ఓ అమాయకుడు లేచి, అక్రెడిటేషన్ ఉన్న సంస్థ ఇచ్చినదే అయి ఉండాలా అని అడిగాడట. అధికారి గారు ఒక్క ముక్కలో తేల్చేశారు. అక్రెడిటేషన్ ఐచ్ఛికం, సర్టిఫికెట్ ఉంటే చాలు, ఇచ్చిందెవరన్నది తమకు అనవసరం.

ఆయన మాటలో అబద్ధం లేదు. జెనీవాలో కూర్చున్న ఐఎస్ఓ ప్రమాణాలు రాస్తుందే తప్ప ఎవరికీ సర్టిఫికెట్లు ఇవ్వదు. అవి ఇచ్చే సంస్థలు వేరు. ఆ సంస్థలకు పని తెలుసో లేదో చూడటానికి వాటి నెత్తిన అక్రెడిటేషన్ బోర్డులు ఉంటాయి. మనకు క్వాలిటీ కౌన్సిల్ కింద ఎన్‌ఏబీసీబీ ఉంది, బ్రిటన్‌కు యూకాస్ ఉంది. ఈ బోర్డుల గుమ్మం తొక్కకుండానే ఎవరైనా సర్టిఫికెట్ల దుకాణం తెరవొచ్చు. చట్టం అడ్డు రాదు.

ఇంత ఉదారమైన సూత్రాన్ని టెండర్లకే పరిమితం చేయడం ఏం న్యాయం? ఆడపిల్లల తల్లిదండ్రులు ఏం పాపం చేశారు? అందుకని శ్రావణ మాసం ముహూర్తాల నాటికి 'అల్లుడు 9001:2015' పథకం తీసుకొస్తున్నాను.

ముందే చెప్పేస్తున్నా, ఈ సర్టిఫికెట్ అబ్బాయి మంచివాడని చెప్పదు. మంచిగా ఉండేందుకు ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉందని మాత్రమే చెబుతుంది. అసలు ఐఎస్ఓ 9001 సంగతీ అంతే. అది సంస్థ నడిచే తీరుకే గానీ సరుకుకు కాదు. ఆ ముద్రను సరుకు ప్యాకెట్ మీద వేసుకోనివ్వరు కూడా. కాబట్టి శుభలేఖ మీద అచ్చు వేసుకోండి, బాసికం మీద మాత్రం వద్దు.

పథకంలో రెండు రకాలున్నాయి. మొదటిది అక్రెడిటేషన్ ఉన్నది. దీని జోలికి పోవద్దని నా సలహా. స్టేజ్ వన్‌లో కాగితాలు చూస్తారు, స్టేజ్ టూలో ఇంటికొచ్చి కూర్చుంటారు. ఎన్ని రోజులు కూర్చోవాలో పట్టిక ఉంది. అయిదుగురి లోపైతే మొదటి ఆడిట్‌కు మామూలుగా ఒకటిన్నర రోజు, 26 నుంచి 45 మందైతే నాలుగు రోజులు. ఉమ్మడి కుటుంబాలవాళ్లు ఆడిటర్ భోజనాల ఖర్చు కూడా చూసుకోవాలి. వచ్చినవాడు కాఫీ తాగి పోడు. కాఫీ ఎవరు పెట్టారు, గ్లాసు ఎవరు కడిగారు, నిన్న ఎవరు కడిగారు, రాసిపెట్టారా అని అడుగుతాడు. అబ్బాయి జీతం అమ్మ నోట ఒకటి, బ్యాంకు పుస్తకంలో ఒకటి ఉంటే మేజర్ ఎన్‌సీ, అంటే పెద్ద లోపం అని రాస్తాడు. తప్పు దిద్దుకున్నామంటే ఊరుకోడు, మూల కారణం వెతకమంటాడు. వెతుక్కుంటూ పోతే మేనమామ బయటపడతాడు. ఇక పెళ్లి జరిగినట్టే!

అంతటితోనూ వదలరు. ఏటా సర్వైలెన్స్ ఆడిట్ ఉంటుంది, దసరాకి పెట్టుకోవచ్చు. మూడేళ్లు తిరిగేసరికి మళ్లీ మొదటి నుంచీ రీసర్టిఫికేషన్. పైగా ఓ దిక్కుమాలిన నిబంధన ఉంది. సలహా ఇచ్చినవాడే సర్టిఫికెట్ ఇవ్వకూడదట. అబ్బాయికి బుద్ధులు నేర్పినవాడే బుద్ధిమంతుడని సంతకం పెడితే వీళ్లకేమిటి కష్టం?

రెండో రకం పెళ్లిళ్ల పేరయ్య గారి ప్యాకేజీ. పేరయ్య గారే కన్సల్టెంటు, ఆయన బావమరిదే ఆడిటర్. ఫొటో, ఆధార్ వాట్సాప్‌లో పెట్టి, ఫోన్‌పే కొడితే సాయంత్రానికి పీడీఎఫ్ వస్తుంది. బంగారు అంచు, హోలోగ్రామ్, క్యూఆర్ కోడ్ అన్నీ ఉంటాయి. కోడ్ స్కాన్ చేస్తే పేరయ్య గారి వెబ్‌సైటే తెరుచుకుని, ఈ అల్లుడు నికార్సైనవాడని చెబుతుంది. మాన్యువల్ ఉచితం. ఫ్యాక్టరీ అని ఉన్నచోటల్లా అత్తారిల్లు అని మార్చి ఇస్తాం. పాత సంబంధం వాళ్ల ఇంటిపేరు ఎక్కడైనా మిగిలిపోతే మీరే కొట్టేసుకోండి. అక్రెడిటేషన్ ముద్ర కూడా కావాలని పట్టుబడితే అదీ వేస్తాం. దానికి వేరే బోర్డు ఉంది. పేరులో 'ఇంటర్నేషనల్' ఉంది. ఆఫీసు పేరయ్య గారి మేడమీద గదిలో.

అన్నట్టు, చిన్న అక్షరాల్లో ఉండే స్కోపు చదువుకోండి. 'పెళ్లిచూపుల నాటి ప్రవర్తన' అని ఉంటుంది. ఆ తర్వాత అబ్బాయి ఏం చేసినా స్కోపు బయటిది.

ఇక మండపంలో ఇద్దరు వరులు. ఒకడు నాలుగు రోజులు ఆడిట్‌లో నలిగి, మేనమామను సరిదిద్దుకుని వచ్చాడు. రెండోవాడు వాట్సాప్ తెరిచి చూపించాడు. అధికారి గారు ఇద్దరి కాగితాల ఎదురుగానూ టిక్కు పెట్టి, ఎల్ వన్, అంటే అందరికన్నా తక్కువకు కోట్ చేసినవాడు, ఎవరని అడిగారు. పిల్ల రెండోవాడిదే. ఆడిట్ ఖర్చు లేనివాడు తక్కువకు కోట్ చేయక ఏం చేస్తాడు?

అయ్యా అధికారి గారూ, పెళ్లయితే పెద్దమనుషుల్లో పెట్టి విడిపించుకోవచ్చు. ఫ్యాక్టరీ సంగతి అలా కాదు.

2012 ఆగస్టులో కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీకి ఎస్‌ఏ 8000 సర్టిఫికెట్ వచ్చింది. కార్మికుల భద్రత, హక్కులు సవ్యంగా ఉన్నాయని చెప్పే సర్టిఫికెట్ అది. నెల తిరగకుండా, సెప్టెంబరు 11న అక్కడ మంటలు లేచాయి. కిటికీలకు ఊచలు, తలుపులకు తాళాలు. 250 మందికి పైగా చచ్చిపోయారు. సర్టిఫికెట్ ఇచ్చింది ఏ మేడమీది గదో కాదు, అక్రెడిటేషన్ ఉన్న ఇటలీ సంస్థ. తనిఖీ పనిని ఆ ఊళ్లోనే ఇంకో కంపెనీకి అప్పజెప్పింది.

కాబట్టి అక్రెడిటేషన్ ఉంటే గుండె మీద చెయ్యేసుకుని పడుకోవచ్చని నేననను. పైన చూసేవాడుండగానే అంత ఘోరం జరిగింది. అయితే ఆ సంస్థకు ఓ పేరుంది, చిరునామా ఉంది. చనిపోయినవాళ్ల కుటుంబాలు దాని మీద ఇటలీ దాకా వెళ్లి ఫిర్యాదు చేయగలిగాయి. పీడీఎఫ్ పంపి సిమ్ మార్చేసినవాడి మీద ఎక్కడ ఫిర్యాదు చేస్తారు? చూసేవాడు ఒక్కడైనా అక్కర్లేదని మీరు మైకు పట్టుకుని చెబుతున్నారు!

మీ టెండరులో చేర్చాల్సింది ఒకే వాక్యం. ఎన్‌ఏబీసీబీ గానీ, అంతర్జాతీయ పరస్పర గుర్తింపు ఒప్పందంలో ఉన్న మరో బోర్డు గానీ గుర్తించిన సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్టే చెల్లుతుందని. అది నిజమైనదో కాదో సర్ట్‌సెర్చ్ అనే వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొట్టి మీ గుమాస్తా టీ చల్లారేలోపు చూసుకోవచ్చు. ఆ పని ఎందుకు చేయరు? మిల్లులో పని ఆపుకుని, ఆడిటర్ వెనక తిరిగి, ఎన్‌సీలు మూసి, అప్పు చేసి ఫీజు కట్టిన చిన్న యజమానిని బిడ్లు తెరిచిన రోజున వెర్రివాణ్ని చేశారు. వచ్చే ఏడాది అతనూ పేరయ్య నంబరే అడుగుతాడు. అడగమని నేర్పింది మీరు. ఆ పప్పు, ఆ నూనె వెళ్లేది మీ వంటింటికి కాదు. ఇచ్చిందెవరన్నది అనవసరం అని మీరు చెప్పాల్సింది ప్రీబిడ్ మీటింగులో కాదు, హాస్టల్ మెస్‌లో పళ్లెం పట్టుకుని వరసలో నిలబడ్డ పిల్లలతో.