ఎనిమిది మానికల ఉత్తరం

నన్ను చూసి ఈ కాలం పిల్లలు ఏదో అట్టముక్క అనుకుంటారు. ఎనిమిది అంగుళాల నల్లటి చదరపు తొడుగు, లోపల గోధుమరంగు పూత పూసిన పల్చటి ప్లాస్టిక్ బిళ్ళ. ఫ్లాపీ డిస్కును. నా ఒంటిమీది విభజన 1973లో ఐబీఎం తెచ్చిన 3740 యంత్రం నాటిది: 77 ట్రాకులు, ట్రాకుకు 26 సెక్టార్లు, సెక్టారుకు 128 బైట్లు. గుణించుకుంటే 2,56,256. ఇప్పటి ఫోనులో తీసిన ఒక్క ఫొటోకి కూడా నాలో చోటు చాలదు.

ఆ 128 నా తలరాత అయింది. మాంటెరీలో అమెరికా నౌకాదళం వారి కళాశాలలో పాఠాలు చెప్పే గ్యారీ కిల్డాల్ 1974లో, కాలిఫోర్నియాలోని పసిఫిక్ గ్రోవ్‌లో, సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేశారు. డ్రైవును నడిపే కంట్రోలరును ఆయన మిత్రుడు జాన్ టొరోడ్ కట్టిపెట్టారు. నా సెక్టారు ఎంతో ఆ సిస్టమ్ రికార్డూ అంతే. ఇక చదవడం, రాయడం, లెక్కపెట్టడం అన్నీ 128 చొప్పునే.

నాలో మొదటి రెండు ట్రాకులూ సిస్టమ్‌కే పోతాయి. ఆ తర్వాత డైరెక్టరీ: 64 పద్దులు, పద్దుకు 32 బైట్లు. ఎనిమిది అక్షరాల పేరు, మూడక్షరాల రకం, ఫైలు నాలో ఏయే దిమ్మల్లో ఉందో చెప్పే 16 బైట్లు. వాటి నడుమ ఒకే ఒక్క బైటు, ఈ పద్దులో ఎన్ని రికార్డులున్నాయో చెప్పేది. ఎక్కువలో ఎక్కువ 128, అంటే 16 కిలోబైట్లు. ఫైలు అంతకు మించితే మరో పద్దు తెరవాల్సిందే. ఎన్ని రికార్డులో తెలుసు. ఎన్ని అక్షరాలో తెలియదు. మానికతో మాత్రమే కొలిచే కొట్టువాడి దగ్గర చివరి మానికలో గుప్పెడు గింజలే ఉన్నా అది నిండు మానిక కిందే లెక్క. నా లెక్కా అలాంటిదే.

ఎవరో వెయ్యి బైట్ల ఉత్తరం రాశారనుకోండి. ఏడు రికార్డులు నిండుతాయి, ఎనిమిదోదానిలో 104 బైట్లు పడతాయి, 24 ఖాళీ. నా పద్దులో మాత్రం ఎనిమిది అనే ఉంటుంది. మరి ఉత్తరం ఎక్కడ ముగిసిందో చదివేవాడికి ఎలా తెలియాలి? అందుకు 26వ నంబరు అక్షరాన్ని కాపలా పెట్టారు. కీబోర్డు మీద కంట్రోల్-జెడ్ అంటే అదే. ఆస్కీ పట్టికలో దాని అసలు ఉద్యోగం పాడైపోయిన అక్షరం స్థానంలో నిలబడటం. ఇక్కడ మాత్రం హద్దురాయి అయింది. ఉత్తరం సరిగ్గా 1,024 బైట్లే అయితే దాని అవసరం కూడా లేదు, రికార్డులు అయిపోవడమే ముగింపు.

మర్యాదస్తుల ప్రోగ్రాములు ఆ 24 చోట్లా 26నే నింపేవి. కొన్ని బద్ధకంగా ఒక్కటే వేసి వదిలేసేవి. అప్పుడు మిగతా 23 చోట్లా అంతకుముందు మెమరీలో ఏముంటే అది నా మీద పడేది: ఇంకెవరి జాబులోదో సగం వాక్యం, ఏదో లెక్కల ముక్క. అలాంటి తునకలు నా దగ్గర చాలానే ఉన్నాయి. రాసినవాళ్ళెవరూ వాటిని చూడలేదు.

ప్రోగ్రాములతో చిక్కు వేరు. సీపీ/ఎం నడిచే 8080 ప్రాసెసరుకు 26 అంటే ఒక ఆజ్ఞ: ఫలానా చోట ఉన్న బైటును ‘ఎ’ అనే రిజిస్టరులోకి తీసుకో అని. ప్రోగ్రాము నడిమధ్య అది ఎన్నిసార్లయినా వస్తుంది. హద్దురాయి అనుకుంటే సగంలోనే తెగిపోతుంది. అందుకే ఫైళ్ళను నకలు తీసే పిప్‌లో, 26ను పట్టించుకోకుండా మొత్తం మోసుకెళ్ళమని చెప్పే ఆప్షన్ ఒకటి పెట్టారు. వెనక చెత్త కొంత వచ్చినా ప్రోగ్రాముకు నష్టం లేదు, నడక అక్కడిదాకా పోదు కదా.

ఇది తెలియనితనం అనకండి. నాకంటే ముందే, 1971 నాటి యూనిక్స్ ఫైలు పొడవును బైట్లలో రాసుకునేది. కానీ అది మినీకంప్యూటర్ల లోకం. మా ఇంట్లో ఒక్క బైటు మిగిల్చినా మిగులే. నన్నడిగితే ఆ బేరం తప్పు కాదు. దాని బాకీ మాత్రం తర్వాతివాళ్ళ మీద పడింది. 1977లో వార్డ్ క్రిస్టెన్సెన్ ఫోను తీగ మీద ఫైళ్ళు పంపే ఎక్స్‌మోడెమ్ రాసినప్పుడు పొట్లానికి 128 బైట్లే పెట్టారు. వెయ్యి బైట్ల ఉత్తరం అవతలి ఊరికి 1,024 అయి చేరేది.

1980లో సియాటిల్‌లో టిమ్ పాటర్సన్ 86-డాస్ రాశారు. మైక్రోసాఫ్ట్ చేతికొచ్చి ఎంఎస్-డాస్ అయింది అదే. అందులో 32 బైట్ల పద్దు చివరి నాలుగు బైట్లూ అచ్చంగా పొడవుకే. ఇప్పటికీ ఆ పద్దుల పద్ధతే వాడే పెన్‌డ్రైవ్‌లో నాలుగు గిగాబైట్ల సినిమా పట్టనంటే ఆ నాలుగు బైట్ల పుణ్యమే, అవి 4,29,49,67,295 దాటి లెక్కపెట్టలేవు. విచిత్రమేమిటంటే, కచ్చితమైన కొలత వచ్చాక కూడా డాస్ 26ను వదల్లేదు. కీబోర్డు నుంచి ఫైలు రాస్తే కంట్రోల్-జెడ్ కొట్టి ముగించాల్సిందే.

మా వైపు 1983లో మూడో సీపీ/ఎం వచ్చింది. అంతదాకా ఊరికే పడున్న ఒక బైటుకు పని దొరికింది: చివరి రికార్డులో ఎన్ని బైట్లు వాడారో చెప్పడం. అయితే సిస్టమ్ దాన్ని తనంతట నింపదు, ప్రోగ్రామే అడిగి రాయించాలి. పైగా ఆ బైటునే మరో సిస్టమ్ తిరగేసి, వాడని బైట్ల లెక్క కింద పట్టుకుంది. వెయ్యి బైట్ల ఉత్తరానికి ఒకరు 104 రాస్తారు, ఒకరు 24.

ఈమధ్య పాత యంత్రాలంటే ప్రాణం పెట్టే ఒకాయన నన్ను శుభ్రం చేసి, నాలోని ఫైళ్ళన్నీ కొత్త కంప్యూటరులోకి దించుకున్నాడు. వచన ఫైళ్ళ చివరి 26లను కోసేశాడు, ప్రోగ్రాములను ఉన్నవున్నట్టు ఉంచాడు. ఒకదానికి పేరే తప్ప రకం రాసి లేదు. ఏది పోతుందోనని భయపడి దాన్ని మొత్తం ఎక్కించాడు. అది ఆ ఉత్తరమే. ఒక్క బైటు తేడా లేకుండా లెక్కపెట్టగల ఆ కంప్యూటరు, దాని పొడవు 1,024 బైట్లని చూపిస్తోంది.