సిఫారసుకూ ఓ సిఫారసు కావాలి

పార్లమెంటు స్థాయీ సంఘమంటే ప్రభుత్వానికి హడలని పౌరశాస్త్రం పుస్తకాల్లో రాస్తారు. లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది కూర్చుని, కార్యదర్శులను పిలిపించి, ఫైళ్లు తెప్పించి నిలదీస్తారట. నిలదీస్తారు, నిజమే. హడలు సంగతే భద్రాచలం మన్యంలో విచారించుకోవాలి.

2009 జూలైలో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేయడం మొదలైంది. సుమారు 14 వేల మందికి వేశారు. టీకా మంచిదే, చాలా దేశాల్లో వేస్తున్నారు. గొడవల్లా ఎవరినడిగి వేశారన్నదే. నడిపింది పాథ్ అనే అమెరికా సంస్థ, డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, అండ కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌ది. ఆశ్రమ హాస్టళ్లలోని కోయపిల్లల అమ్మానాన్నలు వాగులవతల ఊళ్లలో ఉంటారాయె, అంతదూరం ఎవరు పోతారు? వాళ్ల బదులు హెడ్మాస్టర్లు, వార్డెన్లే సంతకాలు పెట్టాలని రాష్ట్ర ప్రభుత్వం ఆదేశించింది. తర్వాత లెక్క చూస్తే 9,543 అంగీకార పత్రాల్లో 2,763 వార్డెన్ల సంతకాలతో, 1,948 వేలిముద్రలతో తేలాయి. కలం మూత తీసినంతసేపట్లో హాస్టలు హాస్టలంతా వార్డెన్‌గారి కన్నబిడ్డలైపోయారు.

2010 ఏప్రిల్‌లో అంతా ఆపేశారు. అప్పటికి, ఇదే టీకా వేసిన గుజరాత్‌తో కలిపి, ఏడుగురు బాలికలు చనిపోయారు. పాముకాటు, నీళ్లలో మునక, పురుగుమందు, మలేరియా అంటూ టీకాకు సంబంధం లేదని తేల్చారు. సంబంధం లేకపోవచ్చు కూడా. లోతుగా విచారించకుండా ఎలా తేల్చారని అడిగిన వాళ్లు మాత్రం ఉన్నారు. వాళ్లే మన స్థాయీ సంఘం.

ఆరోగ్య శాఖ స్థాయీ సంఘం 72వ నివేదిక 2013 ఆగస్టులో వచ్చింది. అధ్యక్షుడు బ్రజేశ్ పాఠక్. నివేదికలో మొహమాటం మచ్చుకైనా లేదు. టీకా కంపెనీల వ్యాపారం పెంచడమే పాథ్ ఉద్దేశమంది. ఇది ప్రయోగం కాదు, వట్టి పరిశీలన అన్న సాకును కొట్టిపారేసింది. దేశంలో టీకాకు అనుమతి 2008లో వస్తే, దాని వాడకానికి తోడ్పడతానని ఐసీఎంఆర్ 2007లోనే ఒప్పందం ఎలా రాసుకుందని అడిగింది. పెళ్లిచూపులకు ముందే శుభలేఖలు పంచినట్టుంది వ్యవహారం!

సరే, తర్వాత? తర్వాత జవాబుల పర్వం. స్థాయీ సంఘం మాటకు నచ్చజెప్పే విలువే తప్ప శాసించే విలువ లేదని నిబంధనే చెబుతోంది. ఆలోచించి ఇచ్చిన సలహా, అంతే. ఆ సలహాకు మూడు నెలల్లో జవాబు రాయాల్సింది తప్పు పట్టించుకున్న మంత్రిత్వ శాఖే. జవాబులన్నిటినీ సంఘం నాలుగు కట్టలు కడుతుంది. ప్రభుత్వం ఒప్పుకున్నవి ఒకటి, మేమే వదిలేసుకున్నవి ఒకటి, జవాబు మాకు నచ్చనివి ఒకటి, జవాబే రానివి ఇంకొకటి. నచ్చని జవాబుకు ఎంత శిక్షనుకున్నారు? పాత సిఫారసునే మళ్లీ గట్టిగా చెప్పడం. ఏడాది తిరిగేసరికి సంఘాన్నే మళ్లీ కొత్తగా వేస్తారు. కొత్త సభ్యులు ఫైలు మొదటి పేజీ నుంచి చదువుకోవాలి. సభలో ఆ నివేదిక మీద చర్చంటారా, అది బహు అరుదు.

వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సంఘం నివేదికను కోర్టు చూడొచ్చు గానీ, అందులో తప్పుందని అక్కడ సవాలు చేయకూడదని 2018 మే 9న రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కాబట్టి నివేదిక గౌరవానికేమీ లోటు లేదు. లోటల్లా దాన్ని అమలు చేసేవాళ్లకే.

ఇంత శ్రమ ఎందుకనుకున్నారేమో, ప్రభుత్వాలు దగ్గరదారి కనిపెట్టాయి. బిల్లులను సంఘాలకు పంపడమే తగ్గించేశాయి. 15వ లోక్‌సభలో నూటికి 71 బిల్లులు సంఘాల ముందుకెళితే 17వ లోక్‌సభలో 16 మాత్రమే వెళ్లాయి. ఆ దారి రుచి మన మన్యానికి ముందే తెలుసు. పోలవరం ముంపు పేరిట ఖమ్మం జిల్లా ఏడు మండలాల ప్రాంతాన్ని ఆంధ్రలో కలిపే ఆర్డినెన్సు 2014 మే 29న వచ్చింది. జూలై 11న లోక్‌సభ, 14న రాజ్యసభ దాన్ని చట్టం చేసేశాయి. స్థాయీ సంఘానికి పంపుదామన్నా, ఆ లోక్‌సభకు సంఘాలు ఏర్పడిందే సెప్టెంబరు 1న. భద్రాచలం పట్నం తెలంగాణలో మిగిలింది, కూతవేటు దూరంలోని పురుషోత్తపట్నం ఆంధ్రకు పోయింది. దేవస్థానం భూములున్నది అక్కడే. గుడిలో రాముడొక రాష్ట్రం, ఆయన పొలం ఇంకో రాష్ట్రం. స్వామి అంగీకార పత్రం మీద ఏ వార్డెన్‌గారు సంతకం పెట్టారో మరి.