మా రోజుల్లో బొమ్మ ఊరికే వచ్చేది కాదు

మా రోజుల్లో రాడార్ బొమ్మ కట్టాలంటే ముందు కాగితం మీద లెక్క కుదరాలి. కంప్యూటర్ దగ్గరకి వెళ్లేది ఆ తర్వాతే. మెమరీ చాలదు, టేపులు తిప్పితిప్పి చదవాలి, ఒక్క కూడిక దండగైనా ప్రాణం ఉసూరుమనేది. మాకన్నా ముందువాళ్లకి ఆ కంప్యూటరూ లేదు. సంకేతాన్ని ఫిల్ము మీదికెక్కించి, కటకాల గుండా లేజర్ పంపి బొమ్మ తీశారు మహానుభావులు.

ఈ పొదుపు ఎందుకో ఇప్పటి పిల్లలకి చెబుదామంటే వినే ఓపికేదీ? త్రీడీ బొమ్మకి పొడవు, వెడల్పు, ఎత్తు వెయ్యేసి గడులనుకోండి. మొత్తం 100 కోట్ల గడులు. యాంటెన్నా 10 లక్షల చోట్ల నుంచి చూసిందనుకుందాం. ప్రతి చోటు నుంచీ ప్రతి గడికీ దూరం కట్టి ప్రతిధ్వనిని కూడుకుంటూ పోతే, అంటే బ్యాక్‌ప్రొజెక్షన్ చేస్తే, 10 కోట్ల కోట్ల కూడికలు. అదే పని ఫూరియర్ లెక్కలోకి మార్చి చేస్తే కొన్ని వేల కోట్లతో సరి. 1978లో స్టోల్ట్ అనే ఆయన, నేలలోకి తరంగాలు పంపి చమురు వెతికేవాళ్ల కోసం రాసిన కిటుకది. రాడార్ వాళ్లు తెచ్చుకున్నారు. కానీ యాంటెన్నా దారి తిన్నగా ఉండాలి, చూపుల మధ్య ఎడం సమంగా ఉండాలి. ఆ షరతు ఎరిగినవాడే లెక్కకి కూర్చునేవాడు. ఇప్పుడు జీపీయూ ఉంది, నొక్కితే వస్తుంది. వేగం నాకూ ఇష్టమే. షరతేమిటని ఎవరూ అడక్కపోవడమే నా బాధ.

మొన్న మా మేనల్లుడు అండమాన్‌లో మేముండే గరాచర్మకి వచ్చి ఇక్కడి అడవి రాడార్ బొమ్మ చూపించాడు. పైన ఆకుల పొర, అడుగున నేల, నడుమ శూన్యం. "ఎంత క్లీన్‌గా ఉందో చూడు మావయ్యా!" అన్నాడు. చిడియాటాపు దారిలో ఏ గర్జన్ చెట్టు కిందైనా నిలబడి తలెత్తరా, నడుమ ఏమీ లేదంటావా అన్నాను.

జరిగింది ఇదీ. ఉపగ్రహం ఆ అడవి మీదుగా వెళ్లింది కొద్దిసార్లే, అందుకని ఎత్తు కొలతలో ఖాళీలు మిగులుతాయి. ప్రతిధ్వనిచ్చే బిందువులు కొన్నే ఉంటాయని అనుకుని ఆ ఖాళీలు పూడ్చే లెక్క వాడాడు మావాడు. హైదరాబాదు మేడలకైతే భేషుగ్గా పనిచేస్తుంది: కప్పు, గోడ, నేల, అంతే. అడవిలో ఆకు, కొమ్మ, కాండం, తీగ అన్నీ పలుకుతాయి. బలహీనంగా పలికినవన్నీ ఆ లెక్క కొట్టేసింది. అడవికి వేవ్‌లెట్ల మీద నడిచే పద్ధతి వేరే ఉంది, వాడికి తెలియక కాదు, అవసరమనిపించలేదు.

మా దీవులవాళ్లకి రాడార్ బొమ్మ వేడుక సంగతి కాదు. 2004 డిసెంబర్ 26 భూకంపానికి ఈ చుట్టుపక్కల నేల మీటరు దాకా కుంగింది, పక్కనే సిప్పీఘాట్ పొలాలు సముద్రం పాలయ్యాయి. వానాకాలం మబ్బుల్లోంచి ఈ దీవుల్ని చూడగలిగేది రాడారే. 2025 ఏప్రిల్ 29న యూరప్ వాళ్లు పంపిన బయోమాస్ ఉపగ్రహం 70 సెంటీమీటర్ల తరంగంతో ఆకుల్ని దాటి కాండాల్ని అందుకుంటుంది. అదే ఏడు జూలై 30న మన శ్రీహరికోట నుంచి నైసార్ రాడార్ ఉపగ్రహం వెళ్లింది. ఇంత మంచి డేటా మాకెన్నడు దొరికింది కనుక!

అందుకే బొమ్మ కట్టేవాళ్లని అడుగుతున్నాను: కొలిచిన చోటు ఒక రంగు, లెక్క పూడ్చిన చోటు ఇంకో రంగు వేసి ఇవ్వండి. ఎన్నిసార్లు చూశారో బొమ్మ కిందే రాయండి. అడవిలోకి వెళ్లి చెట్ల ఎత్తులు కొలుచుకొచ్చిన పుస్తకం పక్కన పెట్టి సరిచూడకుండా ఏ బొమ్మనీ ఆఫీసు గడప దాటనివ్వకండి.