వెలుతురే గదా కాకా!

మా బీదర్‌లో చీకటి పడ్డాక మిద్దెలెక్కి ఆకాశం చూడటం పాత అలవాటు. ఈమధ్య ఆకాశమే మిద్దెల వైపు అనుమానంగా చూస్తోంది. కారణం మా వీధి కుర్రాడు. పేరెందుకు లెండి, అలాంటివాడు ఇప్పుడు వీధికొకడు మంజూరయ్యాడు. చేతిలో టార్చిలైటంత అల్యూమినియం గొట్టం. లోపల రెండు లిథియం సెల్లులు, ప్రొజెక్టరులో ఉండాల్సి దారి తప్పిన నీలం డయోడు. డబ్బా మీద 5 వాట్లని రాసుంది. దాంతో నల్ల బెలూన్లు పేలుస్తాడు, అగ్గిపుల్లలు అంటిస్తాడు, వాళ్ళమ్మ ప్లాస్టిక్ చాటకు చిల్లులు పొడుస్తాడు. ఏం చేస్తున్నావురా అంటే, "ఎక్స్‌పెరిమెంట్ కాకా!"

అగ్గిపుల్లకు అగ్గిపెట్టె చాలదా అని అడిగేంత మోటుమనిషిని కాను. పైగా లేజరుది గొప్ప వంశం. 1969లో అపోలో 11 వాళ్ళు చంద్రుడి మీద అద్దాలు పెట్టి వచ్చారు. ఇక్కణ్ణుంచి వాటి మీదికి లేజరు కొట్టి, తిరిగొచ్చిన చిటికెడు వెలుతురును లెక్కపెట్టి, చందమామ ఏటా 3.8 సెంటీమీటర్లు మనకు దూరం జరుగుతున్నాడని తేల్చారు. మావాడూ అదే చందమామ మీదికి రోజూ నీలి గీత గీస్తున్నాడు. ఇంతవరకు తేల్చింది: "మస్తుగుంది కాకా!"

నోటుబుక్కు లేదు, లెక్క లేదు. కొలత లేని ప్రయోగాన్ని మన పెద్దలు దీపావళి అన్నారు. దానికి కనీసం సెలవైనా ఇస్తారు.

కళ్ళు జాగ్రత్త అంటే మాత్రం నవ్వుతాడు. "వెలుతురే గదా కాకా, ఏం గాదు!" నిజమే, ఎండా వెలుతురే. భూతద్దం కింద అది ఏం చేస్తుందో చిన్నప్పుడు ఇదే మిద్దె మీద చీమలకు పాఠం చెప్పిన గురువు వీడే. మన కంటిలోనూ ఓ కటకం ఉంది. లోపలికొచ్చిన కిరణాన్ని రెటీనా మీద సూదిమొనంత చుక్కలోకి కూడదీస్తుంది. రెప్ప వాలడానికి పావు సెకను పడుతుంది. 1 మిల్లీవాటు పాయింటరుతో పాఠం చెప్పే మాస్టారి క్లాసులో ఆ రెప్పపాటే రక్ష. అర వాటు దాటినవి నాలుగో తరగతి లేజర్లు. అక్కడ రెప్పకు కబురందేసరికి పని పూర్తయిపోతుంది. గోడకు తగిలి చెదిరిన వెలుగు కూడా దగ్గర్లో ఉంటే ముప్పే. రెటీనాకు నొప్పి తెలియదు కనక కేక పెట్టే అవకాశం కూడా లేదు.

కళ్ళద్దాలున్నాయిలెండి. గొట్టంతోపాటు ఊరికే వచ్చిన ఎర్ర ప్లాస్టిక్కువి, ఒకే ఒక జత. ఆరేసిన బట్టలు తీయడానికి పైకొచ్చే వాళ్ళమ్మకు ఏ జతా రాలేదు. పక్కింటి మిద్దె మీది స్టీలు బిందె ఆ కిరణాన్ని ఎటు తిప్పి పంపుతుందో బిందెకే తెలియాలి.

డబ్బా మీది అక్షరాల సంగతీ చెప్పాలి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 122 లేజరు పాయింటర్లను కొలిచి 2013లో ఫలితం చెప్పింది. ఆకుపచ్చవాటిలో దాదాపు 90 శాతం, ఎర్రవాటిలో 44 శాతం నిబంధనల హద్దు దాటాయి. చవగ్గా కూర్చిన చిన్న పరికరానికే దొరికిపోయే డబ్బా మీది అబద్ధాన్ని మావాడు నిద్రలో కూడా నమ్ముతాడు.

ఊరు కూడా భలే ఊరు దొరికింది. పక్కనే వైమానిక దళ కేంద్రం. హాక్ విమానాల మీద కుర్ర పైలట్లు శిక్షణ పొందేది ఇక్కడే, విమాన విన్యాసాల సూర్యకిరణ్ జట్టు స్థావరమూ ఇక్కడే. తొమ్మిది విమానాల సూర్యకిరణ్‌కు పదో కిరణం మా మిద్దె మీది నుంచి లేస్తోంది. "అంత సన్న గీత, విమానానికేం తగుల్తది కాకా?" పైకి వెళ్ళేకొద్దీ ఆ గీత వెడల్పవుతుంది. కాక్‌పిట్ అద్దం మీది గీతలకు తగిలి చెదిరి, దిగబోతున్న పైలట్ కళ్ళ ముందంతా వెలుగే నింపుతుంది.

2008లో మాస్కో దగ్గర ఓ సంగీతోత్సవంలో వానొచ్చింది. గుడారం వేసి, ఆకాశంలోకి కొట్టాల్సిన లేజర్లను జనం మీదికి తిప్పారు. సుమారు 30 మందికి చూపు కొంత పోయింది. అది డబ్బు తీసుకుని పనిచేసేవాళ్ళ నిర్వాకం. మావాడిది ఉచిత సేవ. శత్రువును శాశ్వతంగా గుడ్డివాణ్ణి చేయడానికే తయారైన లేజర్లు యుద్ధంలో కూడా వద్దని 1995లో వియన్నాలో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. బాంబులతో పేచీ లేనివాళ్ళకు కూడా ఇది మరీ దారుణం అనిపించింది. ఆ కాగితం మీద మావాడి సంతకం లేదు.

మావాణ్ణి ఓసారి మా ఊరి బిద్రీ లోహపు పనివాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాను, బుద్ధొస్తుందేమోనని. తుత్తునాగం, రాగి కలిపి పోసిన కూజాను నల్లగా మార్చేది కోట మట్టి. ఉస్తాదు ఆ మట్టిని చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాడు, రుచి చూసి పనికొస్తుందో లేదో చెప్పాడు. "చూసినవా, మట్టిని గూడ పరీక్ష చెయ్యంది ముట్టడు. నువ్వు గూడ ఓ పవర్ మీటరు కొనరాదురా?" అన్నాను.

"మీటరు లేజరు కంటె పిరం కాకా."

"మరి అది 5 వాట్లని ఎట్ల తెల్సింది?"

"డబ్బా మీద రాసుంది గదా!"