మూడో పిల్ల దొరికింది!

నెస్లే ఇండియా పెద్దాయన 2024 ఏప్రిల్‌లో విలేకరుల్ని పిలిచి మన మనసు కుదుటపరిచారు. పసిపిల్లల తిండి సెరెలాక్‌లో 100 గ్రాములకు తాము కలిపే చక్కెర 7.1 గ్రాములేనట. మన నిబంధనలు 13.6 దాకా కలుపుకోమంటున్నాయట. అంటే ఇంకో 6.5 గ్రాములు దట్టించే హక్కుండి కూడా చేయి వెనక్కి తీసుకున్నారన్నమాట. ఇంత నిగ్రహం మునుల్లో కూడా అరుదు.

మరి ఇదే కంపెనీ స్విట్జర్లాండ్ పిల్లలకు అమ్మే తిండిలో కలిపిన చక్కెర ఎందుకు లేదని జనం ఒకటే గోల. జవాబు కంపెనీ గుర్తు బొమ్మలోనే ఉంది, ఎవరూ చూడటం లేదు.

1867లో స్విట్జర్లాండ్‌లోని వెవే ఊళ్లో హెన్రీ నెస్లే అనే మందుల తయారీదారు పసిపిల్లలకో పొడి చేశాడు. మరుసటి ఏడు తన వంశ చిహ్నంలోని పక్షిగూటిని ఆ సరుకుకు గుర్తుగా పెట్టుకున్నాడు. వంశ చిహ్నంలో పక్షి ఒంటరిది. వ్యాపారం పిల్లల తిండి కాబట్టి ఆయన దానికి మూడు పిల్లల్ని ఇచ్చాడు. తల్లి నోట పురుగు, గూట్లో మూడు నోళ్లు. నూట ఇరవై ఏళ్లు ఆ సంసారం చల్లగా సాగింది.

1988లో కంపెనీ బొమ్మను దిద్దింది. పురుగు పోయింది, ఒక పిల్ల పోయింది. ఈ కాలపు కుటుంబాల్లో ఇద్దరే కదా అన్నారు. మన గోడల మీద కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం పక్కన రాసిన ‘మేమిద్దరం, మాకిద్దరు’ సూత్రమే, కాకపోతే అక్కడ తండ్రి పక్షి మొదటి నుంచీ లేడు.

మూడోది ఏమైందని ఎవరైనా అడిగారా? ‘కనబడుటలేదు’ అని పత్రికలో నాలుగు లైన్లయినా వేయించారా? ముప్పై ఆరేళ్ల తర్వాత పబ్లిక్ ఐ అనే స్విస్ సంస్థ, పసిపిల్లల ఆహారం మీద పనిచేసే కూటమి ఇబ్ఫాన్‌తో కలిసి దాని ఆచూకీ కనిపెట్టింది. పిల్ల ఫిలిప్పీన్స్‌లో ఉంది, ఒక్క పూటకు 7.3 గ్రాముల చక్కెర తింటూ. థాయిలాండ్‌లో 6 గ్రాములు, ఇథియోపియాలో 5కు పైనే. మన దగ్గర అప్పట్లో సగటున 2.7.

ఆనవాళ్లు: వయసు ఆరు నెలలు. పళ్లు లేవు. మాటలు రావు. ఎండ ఎక్కువ, జీతాలు తక్కువ ఉన్న దేశాల్లో తిరుగుతూ ఉంటుంది. ఫొటో వేద్దామంటే, పిల్లల ఆహారం డబ్బా మీద పసిబిడ్డ బొమ్మ గానీ ఆడమనిషి బొమ్మ గానీ ఉండకూడదని 1992 చట్టం. పక్షులు కూడా పిల్లల్ని కంటాయన్న సంగతి చట్టం రాసినవాళ్లకు తట్టినట్టు లేదు.

తల్లి పక్షిని తప్పు పట్టకండి. కథల్లో సవతి తల్లి బిడ్డకు తిండి తగ్గిస్తుంది. ఈమె ఎదురు కలుపుతోంది. పైగా 1867 నాటి ఆ పొడిలో పాలూ గోధుమపిండితో పాటు చక్కెర కూడా ఉండేది. గూట్లో మిగిలిన ఇద్దరూ నాగరికులైపోయి తీపి మానేస్తే, వంశాచారం నిలబెడుతున్నది తప్పిపోయిన ఈ మూడోదే. పురుగే ఉండి ఉంటే కాసింత మాంసకృత్తులైనా దక్కేవి గానీ, పాత సంగతులు ఇప్పుడెందుకు?

అయినా తల్లి మనసు కదా, అలవాటు మాన్పించాలనే చూస్తోంది. అప్పటికి ఐదేళ్లలో రకాన్ని బట్టి 30 శాతం దాకా తగ్గించామని కంపెనీ ప్రకటించింది. ఆరు నెలల పిల్లకు పంచవర్ష ప్రణాళిక! ఆ లెక్కన మొదలుపెట్టిన పిల్ల ఒకటో తరగతిలో చేరే వేళకు కూడా గిన్నెలో 70 శాతం మిగిలే ఉంటుంది.

కంపెనీకి లాభం కావాలి, తీసుకుంటుంది. దానికి సిగ్గు నేర్పడం నా వల్ల కాదు. కానీ ఆ 13.6 వెవేలో రాసింది కాదు. ఢిల్లీలో, మన పన్నుల మీద బతికే ఆఫీసులో, మన పిల్లల ఆరోగ్యం కాపాడతామని కుర్చీలెక్కినవాళ్లు రాసింది. మూడేళ్లలోపు పిల్లల తిండిలో చక్కెర కలపనే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2022లోనే చెప్పింది. మన పిల్లల నాలుకలు వేరే మట్టితో చేశారా? తెల్లారకుండా పనికి పోయే తల్లి, ఇంట్లో కాచే ఉగ్గు కన్నా ఇదే బలమని నమ్మి, తన తిండి తగ్గించుకుని ఆ డబ్బా కొంటోంది. కిరాణా కొట్లో కిలోల లెక్కన దొరికే చక్కెరను ఆమెకు పౌష్టికాహారం ధరకు అమ్ముతుంటే, అమ్ముకోండని పరిమితి గీసిచ్చింది మన సర్కారు. బిడ్డ లేబుల్ చదవలేడు, వద్దనలేడు. వాడి తరఫున వద్దనాల్సినవాళ్లు సంతకం పెట్టేశారు.

ఆ పరిమితి రాసిన ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అప్పట్లో దేశమంతా నమూనాలు సేకరిస్తున్నామంది, పదిహేను ఇరవై రోజులు పడుతుందంది. అయ్యా, డబ్బాలో ఎంత ఉందో కంపెనీయే చెప్పింది, ఎంత ఉండొచ్చో రాసింది మీరే. దాన్ని కొట్టేసి సున్నా అని రాయడానికి నమూనాలు దేనికి?