శ్రీమద్వింటర్‌బెర్రీ పరిణయం

సకలశాఖోపశాఖాలంకృతలు, హరితపత్రకంచుకధారిణులు, మూడడుగుల ఎత్తుకే మేరువును వెక్కిరించే అతిశయవతులు, కన్యకామణులు ముగ్గురు మా న్యూజెర్సీ పెరట్లో అడుగుపెట్టిన శుభఘడియలో ఈ కావ్యం మొదలవుతుంది. ప్రబంధమన్నాక అష్టాదశ వర్ణనలు ఉండాలంటారు. మా పెరట్లో అన్నీ పట్టవు. సముద్రాన్ని వదిలేశాను. విరహం, వివాహం, యుద్ధం మాత్రం దండిగానే జరిగాయి.

నాయికల పేరు రెడ్ స్ప్రైట్. వంశం హాలీ, శాఖ వింటర్‌బెర్రీ. క్రిస్మస్‌కి గుమ్మాలకు కట్టే ముళ్ళాకుల హాలీకి జ్ఞాతులే గానీ, ఆ హాలీ చలికాలమంతా ఆకులు కప్పుకుని కూర్చుంటే వీళ్ళు ఆకులన్నీ దానం చేసేసి, వట్టి కొమ్మలకు ఎర్రటి పళ్ళు నగల్లా దిగేసుకుని మంచులో నిలబడతారు. అలా నిలబడతారనే కదా కొన్నది! పుట్టిల్లు ఈ దేశపు తూర్పు వైపు చిత్తడి నేలలు కాబట్టి దాహం ఎక్కువ. వీళ్ళ కోసం మా ఇంట గంగావతరణం జరిగింది. భగీరథుడు తపస్సు చేశాడు, నేను నిచ్చెనెక్కి చూరు గొట్టాన్ని అటు తిప్పాను. మట్టి పుల్లగా ఉండాలి, పీహెచ్ 4.5 నుంచి 6.5 లోపు. గోంగూర తినే ఇంట్లో పులుపుకి కరువేమిటని మా ఆవిడ నవ్వింది గానీ, గంధకం పొడి కొనక తప్పలేదు.

ఇక విరహం. రెండు జూన్లు పూశారు, రెండు చలికాలాలు బోసిగా నిలబడ్డారు. ఎరువు మార్చాను, పాదులు పెద్దవి చేశాను. తెనాలి నుంచి అమ్మ వీడియోలో ఒక్కసారి చూసి తేల్చేసింది.

"ఒరేయ్, అన్నీ పెంటి మొక్కలే పెట్టావేమో చూడు. పోతుతాడికి కాయలు కాయవని తెలియదుట్రా నీకు?"

తెలుసు. తాటితోపుల పక్కన పెరిగి, సముద్రాలు దాటి వచ్చి మరిచిపోయాను. వింటర్‌బెర్రీలోనూ ఆడమొక్క వేరు, మగమొక్క వేరు.

వరాన్వేషణకు నర్సరీకి బయలుదేరాను. వరుసగా నిలబెట్టిన కుండీల్లో ఒక చీటీ మీద 'సదరన్ జెంటిల్‌మన్' అని కనిపించింది. దక్షిణాది పెద్దమనిషి! మనవైపువాడే అన్న అభిమానం పొంగి, గోత్రం అడగకుండా సంబంధం ఖాయం చేసుకొచ్చాను. తీరా జూన్ వచ్చింది. కన్యలు పూలు విప్పి, ఎదురుచూసి, రాల్చేసుకున్నాక గానీ పెళ్ళికొడుకు నిద్రలేవలేదు. వాడిది ఆలస్యంగా పూసే జాతి. ముహూర్తం దాటాక పల్లకీ వచ్చినట్టయింది.

మరుసటేడు జిమ్ డాండీ వచ్చాడు. త్వరగా పూసే రకం, రెడ్ స్ప్రైట్‌కి ఈడైన జోడు. చూపులకు వట్టి అర్భకుడు, నా మోకాలి దాకా లేడు. అయితేనేం, యాభై అడుగుల లోపు ఒక్కడుంటే ఆరేడుగురు వధువులకు చాలట. శ్రీరామచంద్రుడి కథ రాసే భాగ్యం నాకు లేదు.

ఆ జూన్‌లో మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. కందిగింజంత తెల్లని పువ్వు. జిమ్ డాండీ పువ్వులో పసుప్పచ్చ పుప్పొడి తలకెత్తుకున్న కేసరాలు. కన్య పువ్వులోనూ కేసరాలున్నాయి గానీ ఉత్తుత్తివి. నడుమ ఆవగింజంత ఆకుపచ్చ బొడిపె ఒకటి, రాబోయే పండుకి పీఠం. ఒక తేనెటీగ, కాళ్ళకు అక్షతలంటిన పురోహితుడిలా, ఇక్కడ వాలి, అక్కడ వాలి, సంభావన అడగకుండా వెళ్ళిపోయింది.

అక్టోబరుకి కొమ్మ కొమ్మనా పగడాలు. అమ్మ మళ్ళీ అడిగింది, "తినొచ్చా?" తినకూడదన్నాను. మనుషులు తింటే కడుపులో కురుక్షేత్రమే. "మరెందుకురా ఇంత యాతన?" అంది. కిటికీ లోంచి చూడ్డానికని చెబితే ఫోను పెట్టేసింది.

పక్షులు డిసెంబరులో వీటి మొహం చూడలేదు. నాలుగు మంచులు పడి పళ్ళు మెత్తబడ్డాక, ఫిబ్రవరిలో ఒక పొద్దున యుద్ధభేరి మోగింది. ముందు రాబిన్ పదాతిదళం. వెనక సీడార్ వాక్స్‌వింగ్‌లు: కళ్ళకు నల్లటి గంతలు, తోక చివర పసుపు అంచు, అచ్చం దారిదోపిడీ దొంగలు. పండుని కొరకడం, నమలడం లేదు, మింగడమే. నేను కాఫీ కప్పు ఆయుధంగా తలుపు తీసి ఘీంకరించాను. ఒక్కటీ లేవలేదు. మధ్యాహ్నానికి రణరంగంలో ఎర్రటి రెట్టలు తప్ప ఏమీ మిగల్లేదు.

"పెళ్ళికి వచ్చారు, భోంచేశారు, వెళ్ళారు. అంత బాధేమిటండీ?" అంది మా ఆవిడ.

కంచె మూల దక్షిణాది పెద్దమనిషి ఇంకా బ్రహ్మచారిగానే ఉన్నాడు. వాడి వేళకు పూసే పిల్ల వింటర్ రెడ్ అని ఒకర్తె ఉందట. తొమ్మిది అడుగుల దాకా పెరుగుతుంది. అమ్మకి చెప్పాను. "ఎత్తుదేముందిలే, ఈసారైనా ముహూర్తం చూసి తీసుకురా," అంది.